పసికందుల వార్డు సబ్బు

ఇస్లాందే అనే బాలింతని సెక్యూరిటీవాడు జుట్టు పట్టుకుని పసికందుల వార్డులోంచి బయటికి ఈడ్చుకొచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను, చేతిలో తుడిచే కర్రతో. ఆమె కాన్పయి పది రోజులు. నెలలు నిండకుండా పుట్టిన కూతురు లోపల అద్దాలపెట్టెలో ఉంది.

"మీ మురికి చేతుల వల్లే పిల్లలు చస్తున్నారు. ఆ చెరుకు గుడిసెల్లోంచి రోగం మోసుకొచ్చి మా నెత్తిన రుద్దుతారా?" అన్నాడు వాడు.

"రోజుకి ఎనిమిదిసార్లు కడుగుతున్నానయ్యా. మీ సబ్బుతోనే కడుగుతున్నాను," అంది ఇస్లాందే.

ఆ మాటలో ఎంత నిజముందో అప్పటికి ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు.

ఆ వారంలో ఆరుగురు పిల్లలు పోయారు. ముందు పాలు మానేసేవారు. ఒళ్ళు చల్లబడేది. మర్నాటికి బూడిదరంగుకి తిరిగేవారు.

నా పేరు ఫియోర్దలీసా. చక్కెర మిల్లు పక్కనున్న మా ప్రసూతి ఆస్పత్రిలో పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద తుడిచే పని చేశాను. ఇస్లాందే అమ్మానాన్నలు పక్క దేశం హైతీ నుంచి చెరుకు కొట్టడానికి వచ్చినవాళ్ళు. ఆమె పుట్టింది మా దొమినికన్ నేల మీదే, కానీ ఆమెకి కాగితాల్లేవు. అలాంటివాళ్ళని మాలో చాలామందిమి మనుషుల కింద చూసేవాళ్ళం కాదు. ఆ ఉదయం నేనూ కర్ర వదిలి అడ్డం వెళ్ళలేదు. ఇది దాచుకుంటే మీకీ కథ చెప్పే హక్కు నాకు లేదు.

మాకు ధైర్యమంటే దోర్కక్క. నర్సుల సంఘం కార్యదర్శి. తండ్రి చెరుకు బళ్ళు తోలినవాడు. రెండేళ్ళ కిందట కాంట్రాక్టరు మాలో ఎనిమిదిమందిని తీసేస్తే, గేటు ముందు అడ్డంగా పడుకుని మళ్ళీ పెట్టించింది. ఈసారి కూడా ఆమే పూనుకుని ల్యాబులో తెలిసినవాడి చేత కుళాయిలూ, ట్యూబులూ, గోడలకున్న సబ్బు సీసాలూ పరీక్ష చేయించింది. ఆ సాయంత్రం బట్టలుతికే గదిలో మీటింగు పెట్టింది. ఆవిరి మధ్య అరవైమందిమి ఇరుక్కుని నిలబడ్డాం.

"క్రిమి సబ్బులో ఉంది," అంది కాగితం ఎత్తి చూపిస్తూ. "కాంట్రాక్టరు నీళ్ళు కలిపిస్తున్నాడు. సీసా కడగనివ్వకుండా పాతదాని మీదే కొత్తది పోయిస్తున్నాడు. తల్లులూ, నర్సులమైన మేమూ చేతులు కడుక్కున్న ప్రతిసారీ రోగం రాసుకుని పిల్లల్ని ముట్టుకున్నాం."

ఆ సీసాలు నింపింది మేమే. నాతో పనిచేసే యొకాస్తా ఏప్రన్‌లో మొహం దాచుకుంది.

"ఏడవకే," అంది అక్క. "నువ్వు నింపావు, వాడు నింపించాడు. రెండూ ఒకటెలా అవుతాయి? గురువారం రాజధాని నుంచి విచారణ కమిటీ వస్తోంది. ఈ కాగితం వాళ్ళ ముందు పెడతాను."

వెనక నుంచి ఇస్లాందే ముందుకొచ్చింది. దీన్నెవరు రానిచ్చారని ఒకరిద్దరు గొణిగారు.

"తల్లులం మేమూ చెప్తాం, అక్కా."

"వద్దమ్మా. కాగితాల్లేనివాళ్ళు నోరెత్తితే అసలు సంగతి పక్కకి పోతుంది. నాకొదిలెయ్యి," అంది అక్క మెత్తగా.

మేమంతా తలలూపాం.

గురువారం కమిటీవాళ్ళు ముగ్గురు భోజనాల హాల్లో బల్ల వేసుకుని కూర్చున్నారు. హాలు నిండా మేం, తల్లులు, వాళ్ళ మొగుళ్ళు. దోర్కక్క లేచి కళ్ళద్దాలు పెట్టుకుంది. ఆమె చేతిలో టైపు చేసిన కొత్త కాగితం ఉంది.

"చెరుకు గుడిసెల నుంచి వచ్చే తల్లుల అపరిశుభ్రత వల్ల, తుడిచేవాళ్ళ నిర్లక్ష్యం వల్ల ఈ వ్యాధి సోకిందని మా సంఘం అభిప్రాయపడుతోంది..."

యొకాస్తా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏం చదువుతోందే ఫియోర్? మన అక్కేనా?"

ముందురోజే ఆమెకి హెడ్ నర్సు ఉద్యోగం ఖాయం చేశారని తర్వాత తెలిసింది. కాంట్రాక్టరు మోసం విన్నప్పుడు నాకు కోపమొచ్చింది. అక్క మోసం విన్నప్పుడు సిగ్గేసింది, ఆ కాగితం నేనే చదివినట్టు.

ఇస్లాందే హాల్లోంచి బయటికి నడిచింది. భయపడి వెళ్ళిపోతోందనుకున్నాను. వార్డు గోడకున్న సబ్బు సీసా ఊడబెరికి తెచ్చి కమిటీ బల్ల మీద పెట్టింది.

"నేను మురికిదాన్నే, సరే. మీరు శుభ్రమైనవాళ్ళు కదా. దీంతో చేతులు కడుక్కుని వెళ్ళి నా బిడ్డని ఎత్తుకోండి."

కమిటీలో పెద్దాయన చేతులు రెండూ బల్ల కిందికి లాక్కున్నాడు. హాలంతా చూసింది.

ఆస్పత్రి డైరెక్టరు సెక్యూరిటీని కేకేశాడు. వాడు వచ్చేలోపే యొకాస్తా ముందుకెళ్ళి నిలబడింది. "ఆ సీసా నింపింది నేను. రాసుకోండి. కడుగుతానంటే టైం దండగన్నాడు మా కాంట్రాక్టరు. అది కూడా రాసుకోండి."

ఇక మేం ఆగలేదు. తలా ఒక వార్డుకి పరిగెత్తాం. నేను మూడు సీసాలు తెచ్చాను. బల్ల మీద చోటు చాలక నేల మీద పెట్టాం.

"కూర్చోండమ్మా, మీకే నష్టం," అంది దోర్కక్క.

"అక్కా, మొన్నటి కాగితమేది?" అన్నాను.

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయింది.

మధ్యాహ్నానికి, కాగితాల్లేనివాళ్ళని పట్టుకునే వలస పోలీసుల లారీ వచ్చింది. ఇస్లాందేని వెనక కమ్మీల బోనులోకి ఎక్కించారు. మేం లారీ ముందు కూర్చున్నాం. కబురందుకుని చెరుకు కొట్టేవాళ్ళు, మొహాల మీది కాల్చిన చెరుకు మసి కూడా తుడుచుకోకుండా వచ్చి మా పక్కన కూర్చున్నారు. పాలవేళకి రొమ్ములు సలపడంతో ఇస్లాందే ఒక గిన్నె అడిగింది. కమ్మీల వెనక, మా వైపు వీపు తిప్పి, పాలు పిండి అందించింది. దోర్కక్క సంఘంలోని చిన్న నర్సు ఒకతె దాన్ని రెండు చేతులా పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

సాయంత్రం లాఠీలు దిగాయి. పదకొండుమందిమి జైలుకి పోయాం. ఇస్లాందేని హైతీ సరిహద్దు వంతెన అవతల దింపేశారు. బిడ్డ ఇక్కడే ఉండిపోయింది. మిగతా తల్లులు తమ పాలు పిండి ఆ చిన్న నర్సుకి ఇచ్చేవారట.

నాలుగో రోజు మమ్మల్ని వదిలారు. అప్పటికి గోడల మీద పాత సీసాలు లేవు. పిల్లలు చావడం ఆగింది. తప్పెవరిదని ఎక్కడా రాయలేదు. గేటుకి మాత్రం ఒక కాగితం అంటించారు, పనిలోంచి తీసేసినవాళ్ళ పేర్లతో. మొదటి పేరు నాదే.

"ఇందులో పేరు లేనివాళ్ళు లోపలికి రావచ్చు," అన్నాడు సెక్యూరిటీవాడు.

చిన్న నర్సు జేబులోంచి పెన్ను తీసి, ఆ పేర్ల కింద తన పేరు రాసింది. పెన్ను పక్కావిడకిచ్చింది. కాగితం నిండాక గోడ మీద రాశారు. ఇస్లాందే మొగుడికి రాయడం రాదు. "మా ఆవిడ పేరు రాయమ్మా, పెద్దక్షరాలతో," అన్నాడు నాతో. రాశాను.

డ్యూటీ వేళకి దోర్కక్క వచ్చింది, కొత్త తెల్ల డ్రెస్సులో. యొకాస్తా ఆమె ముందుకి పెన్ను చాపింది. ఆమె గోడ వైపు చూసింది. తర్వాత తల వంచుకుని లోపలికి పోయింది.

సమ్మె జరిగినన్నాళ్ళూ పసికందుల్ని చూసుకోవడానికి నలుగురు నర్సుల్ని మేమే ఎంచి పంపాం. ఆ తర్వాత గేటు మేమే మూశాం.