ఎవరూ వకాలత్ వేయరాదు

నేను ఒక నోటీసు బోర్డును. జిల్లా కోర్టు ఆవరణలో, న్యాయవాదుల సంఘం హాలు బయట, వరండా గోడకు ఏళ్ళ తరబడి వేలాడినదాన్ని. టేకు చట్రం, లోపల పచ్చగుడ్డ, ముందు రెండు అద్దాల తలుపులు, వాటికో బుల్లి తాళం. ఒక పెద్ద వకీలు తన తండ్రి పేరు కలకాలం నిలవాలని నన్ను చేయించి సంఘానికి ఇచ్చాడు. వడ్రంగి ఆ పేరును నా నుదుటి మీద ఓపిగ్గా చెక్కాడు. మరుసటి ఏడే గోడకు సున్నం వేసినవాళ్ళు దాని మీదుగా కూడా ఒక పూత లాగించేశారు.

వకీళ్ళకు కావలసిన కబురంతా నా దగ్గరే దొరికేది. కొత్త చట్టం ఎప్పటినుంచి అమలు, హైకోర్టు పంపిన సర్క్యులర్, జడ్జిగారి బదిలీ, సంఘం ఎన్నికలు, సంతాప సభలు. సంతాపం కాగితం కనబడితే చాలామంది కళ్ళు చనిపోయినవారి పేరు మీద ఆగేవి కావు. మధ్యాహ్నం కోర్టు ఉందా లేదా అన్న చివరి వాక్యం మీదికి వెళ్ళేవి. కార్యదర్శులు మారేవారు, తాళంచెవి చేతులు మారేది, గుచ్చిన చోటే మళ్ళీ సూదులు గుచ్చేవారు. మొదట్లో ప్రతి కాగితానికీ ఉలిక్కిపడేదాన్ని. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత అలసటే మిగిలింది.

నన్ను నిజంగా చదివినవాడు ముకుందం ఒక్కడే. సివిల్ కేసుల్లో పెద్ద పేరు ఆయనది. రోజూ పొద్దున్నే కళ్ళజోడు నుదుటికి ఎత్తుకుని, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చదివి గానీ లోపలికి వెళ్ళేవాడు కాదు. పక్కనే ఆయన జూనియర్ స్వరూప నిలబడేది. గాజుల దుకాణం వాళ్ళ అమ్మాయి. ఆడపిల్లను జూనియర్‌గా పెట్టుకోలేమని మిగిలినవాళ్ళు ఏవో సాకులు చెబితే, ఈయన ఏమీ అడగకుండా చేతికి ఫైలు ఇచ్చాడు.

"సర్క్యులర్ సదవకుంట కోర్టులకు పోకు బిడ్డా. చెప్పుల్లేకుంట ఎండల పోయినట్టే" అనేవాడు.

మధ్యాహ్నం ఆయన భార్య అనసూయమ్మ పంపే డబ్బాలో స్వరూపకూ ఒక గిన్నె ఉండేది.

ఒక ఎండాకాలం, భూమి దావాలో ముకుందం వాదించిన పక్షం గెలిచింది. ఓడినవాడు ఓదెలు. తాత నాటి నుంచి దున్నుకుంటున్న చెలక చేయి జారిపోయింది. కోర్టు గేటు దగ్గర ముకుందాన్ని ఆపి ఏదో అడగబోయాడు. మాట పెరిగింది. చేతికర్రతో ఒక్క దెబ్బ వేశాడు. ముకుందం పడ్డప్పుడు తల రాతి మెట్టుకు తగిలింది. మూడోనాడు ఆసుపత్రిలో ప్రాణం పోయింది.

ఆ సంతాపం కాగితం ముందు మాత్రం అందరూ ఆగారు. వల్లకాటి నుంచి వచ్చిన మర్నాడే సంఘం అత్యవసరంగా కూర్చుంది. అధ్యక్షుడు హన్మంతరెడ్డి గొంతు వరండాదాకా వినిపించింది.

"ఇయ్యాల ముకుందం, రేపు మనల ఎవడో. ఆ ఓదెలుగాని తరఫున ఒక్క వకీలు నిలవడొద్దు. ఎవరికన్న అభ్యంతరమా?"

తీర్మానానికి ఒప్పుకుంటూ అందరూ చేతులెత్తారు. స్వరూప ఎత్తిందో లేదో నాకు కనబడలేదు. కార్యదర్శి బాల్‌రాజు ఎవరికీ ఎదురు చెప్పని మనిషి. తీర్మానం టైపు చేయించి నా నడిమధ్యన గుచ్చాడు: 'నిందితుని తరఫున సభ్యులెవరూ వకాలత్ వేయరాదు. వేసినవారి సభ్యత్వం రద్దగును.'

మర్నాటి నుంచి ఒకామె వరండాలో కూర్చోవడం మొదలుపెట్టింది. ఓదెలు భార్య రాజవ్వ. నల్లకోటు కనబడితే లేచి దండం పెట్టేది. వాళ్ళు తల తిప్పుకుని వెళ్ళేవారు. అలసిపోయి వచ్చి నా కిందే గోడకు చేరగిలబడేది. తన మీద ఏ కాగితం వేలాడుతోందో ఆమెకు తెలియదు, చదువు రాదు. అలా వారం గడిచింది. అన్ని కాగితాలు మోశాను గానీ, నాకు బరువుగా తోచింది అదొక్కటే.

ఒకనాడు స్వరూప రావడం చూసి ఆమె లేచింది.

"అమ్మా, అందరు ఈ డబ్బ దిక్కు చూపిచ్చి పోతుండ్రు. ఇందుల ఏం రాసిండ్రు?"

స్వరూప చదివి వినిపించింది, ఒక్క మాట కూడా మింగకుండా.

రాజవ్వ ఏడవలేదు. "మా ఆయన కొట్టిండమ్మ. లేదన. కని సంపాలని కొట్టలే. ఆ మాటన్న చెప్పెటోళ్ళు ఉండొద్దా?"

"ఆ సచ్చిపోయినాయన మా సారు" అంది స్వరూప.

రాజవ్వ చప్పున రెండడుగులు వెనక్కి వేసింది. చేతులు జోడించి, ఇంకేమీ అడగకుండా మెట్లు దిగబోయింది.

"ఆగు" అంది స్వరూప. "కాగితాలు తెచ్చినవా?"

ఓదెలు కేసు స్వరూప తీసుకుందని సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది. హన్మంతరెడ్డి నా ముందే ఆమెను నిలదీశాడు.

"ఆయన ఇంట్ల అన్నం తిన్నవు గదమ్మా!"

"తిన్న సార్. దొంగ దిక్కైనా ఒకరు నిలవడాలె అని చెప్పింది ఆయనే. ఆయన సచ్చిపోయిండని ఆ మాట సచ్చిపోతదా?"

రెండో రోజు ఆమె పేరు నాలోకి ఎక్కింది. సభ్యత్వం రద్దు. కోర్టులో వాదించే హక్కు తీసేయడం సంఘం చేతిలో లేదు గానీ, హాల్లో కుర్చీ పోయింది, క్లయింట్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆమె చింతచెట్టు కింద ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. డబ్బా ముకుందంతోనే పోయింది, ఇప్పుడు అనసూయమ్మ పలకరింపూ పోయింది.

కేసు రెండేళ్ళు నడిచింది. చంపే ఉద్దేశం లేదు, ఒకటే దెబ్బ, అదీ కోపంలో, అని ఆమె వాదించింది. జడ్జి హత్యా నేరం కొట్టివేసి, తక్కువ నేరం కింద ఓదెలుకు ఏడేళ్ళు వేశాడు. గెలిచినట్టూ కాదు, ఓడినట్టూ కాదు. రాజవ్వ ఆమె చేతులు కళ్ళకు అద్దుకుని ఊరికి బస్సెక్కింది. ఆ రోజు స్వరూపతో మాట్లాడినవాళ్ళు లేరు.

ఆ చలికాలంలో హాల్లో ముకుందం చిత్రపటం పెట్టారు. హైకోర్టు జడ్జిగారు ముఖ్య అతిథి. వరండా నిండా పూలు, మంచినీళ్ళ సీసాలు. స్వరూప ఎప్పుడొచ్చిందో, నా పక్కన స్తంభానికి ఆనుకుని నిలబడింది. లోపలికి వెళ్ళే హక్కు లేదు కదా.

అనసూయమ్మ కారు దిగి, మెట్లెక్కి, ఆమెను చూసి ఆగింది.

"లోపలికి రావా?"

"నా పేరు తీసేసిండ్రమ్మా" అంది స్వరూప, తల ఎత్తకుండా.

అనసూయమ్మ నా అద్దం దగ్గరికి వచ్చింది. భర్తలాగే కళ్ళజోడు పైకెత్తి చదివింది. రెండేళ్ళ ఎండకు కాగితం పసుపెక్కింది గానీ పేరు చెక్కుచెదరలేదు.

"బాల్‌రాజూ, ఈ పిల్ల పేరు ఇక్కడ ఉండంగ ఆయన బొమ్మ లోపల పెట్టకుండ్రి. నేను ఇంటికి పోత."

"అమ్మా, జడ్జి సారు వచ్చేసిండు..."

"వస్తే కూసుండనియ్యి."

బాల్‌రాజు హన్మంతరెడ్డి వైపు చూశాడు. హన్మంతరెడ్డి నేల వైపు చూశాడు. బాల్‌రాజు తాళం తీశాడు. కుర్రవకీళ్ళు సీసాలు పట్టుకుని చూస్తుండగా, సూదులు ఊడబెరికి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు అనసూయమ్మ స్వరూప వైపు తిరిగింది. "నీ మీద కోపం పోలే బిడ్డా. పోదు గూడ. కని ఆయన ముంగట నువ్వు లేకుంటె ఎట్ల? నడువు."

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళింది. తలుపు మూసుకుంది. లోపల ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు.

రద్దును రద్దు చేసినట్టు మరో కాగితం ఎన్నడూ రాలేదు. తర్వాతి ఎన్నికల్లో ఓట్లు తక్కువ పడేలా ఉంటే, రెండు వర్గాలవాళ్ళూ చింతచెట్టు కిందికి వచ్చి "మేడం, జర గుర్తుంచుకోండ్రి" అన్నారు. అదే తీర్మానం అనుకోవాలి.

ఇప్పుడు కబుర్లన్నీ ఫోన్లలోనే. నన్ను విరిగిన కుర్చీలతో పాటు వెనకగదిలో పడేశారు. పచ్చగుడ్డను చెదలు తింటున్నాయి. ఎవరు బదిలీ అయ్యారో, ఎవరు పోయారో నాకు తెలియదు. ఎవరి పేరూ మొయ్యకుండా గోడకు చేరగిలబడి ఉన్నాను.