వాసన లేని షెడ్డు

అధికారి వచ్చే రోజున మా షెడ్డులో చేప వాసన ఉండకూడదని నిర్ణయించింది నేనే. ఇంట్లో ఇంకెవరికీ అంత తెలివి లేదు.

షెడ్డు మా అక్కది. బావ పోయాక తనే నడుపుతోంది. తెల్లారకముందే రేవుకు వెళ్లి చేపలు కొంటుంది. పొలుసు తీసి, కోసి, ఐసులో సర్ది హోటళ్లకు పంపుతుంది. ఆఫీసుల చుట్టూ తిరగడం, కాగితాలు రాయడం నా వంతు. ఐసులో చేతులు పెట్టేది తను, సలహాలు ఇచ్చేది నేను.

మా సరుకులో సగానికి పైగా ఒకే హోటలు తీసుకుంటుంది. ఈ సీజను దాటాక కోల్డ్ రూమ్ లేనివాళ్ల దగ్గర కొనేది లేదని ఆ హోటలు మేనేజరు కబురు పెట్టాడు. అది పోతే షెడ్డు మూసుకోవాల్సిందే. కోల్డ్ రూమ్ కట్టుకునే స్తోమత మాకు లేదు. చేపల వ్యాపారాలకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తోందని తెలిసి దరఖాస్తు పెట్టాను. షరతు ఒకటే. వ్యాపారం నడుస్తూ ఉండాలి. అధికారి స్వయంగా వచ్చి, చూసి, నడుస్తోందని రాస్తేనే డబ్బు. ఆ షరతును అక్కకు చదివి వినిపించింది కూడా నేనే.

తనిఖీ రోజు తెలిశాక, ప్రభుత్వం వాళ్లకు శుభ్రత ముఖ్యమని, ఆ రోజు సరుకు కొనవద్దని అక్కకు చెప్పాను. అక్క కత్తి నూరుతోంది. తల ఎత్తలేదు.

"చేపల షెడ్డుకి వచ్చేవాళ్లు చేపల్ని చూడ్డానికి కాక నీ మొహం చూడ్డానికి వస్తార్రా?"

తనకు లోకం తెలియదని జాలిపడ్డాను.

నేలను బ్లీచింగ్ పౌడరుతో కడిగాను. చాలదనిపించి నిమ్మ వాసన వచ్చే మందుతో మళ్లీ కడిగాను. కోత బల్ల మీది గాట్లు కనబడకుండా ప్లాస్టిక్ షీటు పరిచాను. కత్తులు కాగితంలో చుట్టి అలమరలో దాచాను. ఐసు పెట్టెలు ఎండలో ఆరబెట్టాను. అక్కకూ నాకూ తెల్ల ఏప్రాన్లు కొన్నాను. ఐసుకు పగిలిన అక్క చేతులు బాగుండవని గ్లవుజులు తెచ్చి తొడుక్కోమన్నాను.

ఇక పిల్లులు. షెడ్డులో నాలుగున్నాయి. కోత వేళకు వచ్చి దేని చోట అది కూర్చుంటుంది. అక్క మొప్పలు, పేగులు విసిరే వరుస వాటికి తెలుసు. వాటిని బుట్టలో పెట్టి, మూత కట్టి, రెండు వీధుల అవతల మా బావమరిది ఇంట్లో దించి వచ్చాను. రక్కిన చోట్ల మందు రాస్తూ మా ఆవిడ, "మీ తెలివి తెల్లారినట్టే ఉంది" అంది. మెచ్చుకుందనుకున్నాను.

అధికారి చెప్పిన వేళకే వచ్చింది. గుమ్మంలో ఆగి గాలి పీల్చింది. మళ్లీ పీల్చింది. నా పని ఫలించిందనుకున్నాను.

లోపలికి వచ్చి తూములోకి వంగి చూసింది. పొడిగా ఉంది. ఐసు పెట్టె మూత తీసింది. అదీ పొడిగా ఉంది. కత్తులేవని అడిగితే అలమర తెరిచి, కాగితాలు విప్పి చూపించాను.

"చేపలెక్కడండీ?"

ఆమె వస్తోందని కొనలేదని చెప్పాను. ఆమె నా ఛాతీ వైపు చూసింది. నా ఏప్రానుకు ధర చీటీ వేలాడుతోంది.

గ్రాంటు ప్రకటించిన దగ్గర్నుంచీ కొందరు ఖాళీ గోడౌన్లు అద్దెకు తీసుకుని చేపల షెడ్లని చూపిస్తున్నారని ఆమె చెప్పింది. ఈమధ్య చూసిన ఒకచోట కూడా నిమ్మ వాసనే వచ్చిందట. అక్కడా కొత్త ఏప్రాన్లేనట.

నేను వివరించడం మొదలుపెట్టాను. నోరు విప్పినకొద్దీ ఊబిలోకి దిగాను. మామూలు రోజుల్లో ఇక్కడ వాసనకు నిలబడలేమన్నాను. ఆ వాసన ఏమైందని అడిగింది. నేనే పోగొట్టానన్నాను. ఎందుకని అడిగింది. అధికారులకు నచ్చదనుకున్నానన్నాను. ఆమె పెన్ను మూత పెట్టింది.

"నడుస్తున్న వ్యాపారమని నేను రాయలేనండి."

అక్క బల్లకు ఆనుకుని నిలబడింది. పని వేళలో తను ఊరికే నిలబడటం నేనెన్నడూ చూడలేదు.

అప్పుడు తలుపు సందులోంచి పిల్లి వచ్చింది. చెవి తెగిన మగపిల్లి. మేము సూపర్‌వైజరని పిలుస్తాం. వెనకాలే మిగిలిన మూడూ వచ్చాయి. పాలు పోద్దామని మా బావమరిది బుట్ట మూత తీశాడట. పాలు తాగి మరీ వచ్చాయి. సూపర్‌వైజరు తూము దగ్గర కూర్చున్నాడు. రెండు పిల్లులు బల్ల కిందికి, ఒకటి ఐసు పెట్టె మీదికి చేరాయి. నాలుగూ అక్క కుడిచేతి వైపే చూస్తున్నాయి. ఆ చేయి కదలకపోయేసరికి సూపర్‌వైజరు ఒకసారి అరిచాడు.

అధికారి వాటిని కాసేపు చూసింది.

"వీటిని కూడా అద్దెకి తెచ్చారా?" అని నన్ను అడిగింది.

జవాబు అక్క చెప్పింది. "అద్దెకైతే చెవులున్నవాటిని తెచ్చేవాళ్లం మేడమ్. మా తమ్ముణ్ణి అడక్కండి, ఇంకా చెడగొడతాడు. పని జరిగే రోజున రండి."

పిల్లుల సాక్ష్యం ఫైల్లో రాయడం కుదరదని, మళ్లీ వస్తానని, ఎప్పుడో చెప్పనని ఆమె అంది. గుమ్మం దాటబోతూ నా వైపు తిరిగింది.

"మీరు మాత్రం ఏమీ చెయ్యకండి."

అదొక్కటే నాకు చేతకాని పని. మర్నాడు సరుకు వచ్చింది, కోత జరిగింది, అయినా నిమ్మ వాసన వదల్లేదు. చేపలు కడిగిన నీళ్లు గోడలకు చల్లుదామన్నాను. అక్క చేతిలో కత్తి ఉండటం గమనించి ఆ ఆలోచన మానుకున్నాను. హోటలు మేనేజరును గడువు అడగమని తను నన్ను తరచూ బయటికి పంపేది. నా మాటకారితనం మీద నమ్మకం కొద్దీ పంపుతోందనుకునేవాణ్ణి.

అలా వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చిన ఒక రోజు, అక్క కోస్తూనే చెప్పింది, అధికారి వచ్చి వెళ్లిందని. చేపలు చూసిందట, ఐసు చూసిందట, నేల మీద జారబోయి బల్ల పట్టుకుందట, రాసుకుందట.

"నా గురించేమైనా అడిగిందా?" అన్నాను.

"అడిగింది. ఆ కడిగే ఆయన లేడా అంది. లేడన్నాను. అయితే ఆయనొచ్చేలోపు రాసేస్తానంది."

సీజను దాటకముందే కోల్డ్ రూమ్ వచ్చింది. హోటలు మాతోనే ఉంది. ఆ గది తలుపు గట్టిగా బిగుసుకుంటుంది, లోపలి వాసన బయటికి రాదు. పిల్లులు దాని ముందు వరసగా కూర్చుని కాసేపు తలుపు వైపు, కాసేపు నా వైపు చూస్తుంటాయి. ఈసారి వాసన పోగొట్టింది నేను కాదని వాటికెలా చెప్పాలో తెలియడం లేదు.