రాలిన ఎరుపు

ప్రూఫులావిడ పొద్దున తొమ్మిదింటికల్లా ప్రెస్సులో ఉంటుంది. కుర్చీలో దిండు సర్దుకుని, కళ్ళజోడు తుడుచుకుని, చెక్క స్కేలు మొదటి వరస కింద పెట్టిందంటే ఇక ఆ స్కేలు జరిగినంత మేరే ఆవిడ లోకం. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. వంటల పుస్తకమైనా వైద్యం పుస్తకమైనా ఆవిడకి ఒకటే. అక్షరం తప్పు పోయిందా లేదా అన్నదే చూస్తుంది, అందులో ఏముందని అడిగితే తెల్లమొహం వేస్తుంది.

ఆవిడకి ఒక అలవాటుంది. తప్పులు సవరించిన కొత్త ప్రతి చేతికి రాగానే పాత ప్రతిని నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేస్తుంది. పనిలో చేరిన కొత్తలో ఒకసారి పాత ప్రతే అచ్చుకు పోయి, పిల్లల లెక్కల పుస్తకం తప్పులతో బయటికొచ్చింది. అప్పుడు తిన్న చీవాట్లు ఆవిడ ఇంకా మర్చిపోలేదు. పాతది కనిపిస్తే చాలు, చెయ్యి దానంతటదే చింపేస్తుంది. ఆ అలవాటే చివరికి ఆవిడ కొంప ముంచింది.

ఆవిడ అక్క కథలు రాసేది. పోయి మూడు నెలలైంది. పోయే ముందు అమ్మ గురించి ఒక పుస్తకం రాసి, కంప్యూటర్లో పెట్టి, ఇంటి తాళంతో పాటు అదీ చెల్లెలికి అప్పగించింది. ప్రచురణకర్త ఫోన్ చేసి ఒకటే మాటన్నాడు.

"ఉత్త అక్షరాలు పంపండమ్మా. రంగులూ సోకులూ ఏం వద్దు. మా మెషీను వాటిని మింగలేదు."

అందుకని ఆవిడ కంప్యూటర్ల రిపేరాయన దగ్గరికి వెళ్ళింది. ఊళ్ళో రాసుకునేవాళ్ళందరికీ ఆయనే దిక్కు. టైలరు కొలతలు తీసినట్టు మనిషిని ఎగాదిగా చూసి, కంప్యూటర్లో రాసుకోడానికి ఎవరికి ఏ ఎడిటర్ ప్రోగ్రాం కుదురుతుందో చెప్తాడు. ఆయన కొట్లో నేలంతా రంగుల పొడి. లావు అక్షరాలూ రంగు అక్షరాలూ సాదా ఎడిటర్లో అతికించినప్పుడల్లా వాటి రంగులు బల్ల కిందకి రాలతాయి కాబట్టి, పూటకోసారి ఊడ్చుకోక తప్పదు. మొన్న ఒక కవిగారి అరవై పేజీలకి బకెట్టుడు గులాబీ రంగు వచ్చిందని విసుక్కుంటూ చీపురు మూలన పెట్టి, ఆయన ఆవిడకి స్టూలు చూపించాడు.

"మీరు రాస్తారా?"

"రాయనండీ. దిద్దుతాను."

"దిద్దేవాళ్ళకి ఇది దేనికమ్మా? చూపు చెదరకుండా రాసుకోడానికి కదా ఇవన్నీ."

"మా అక్క రాసింది. పంపించే పని నాది."

ఆయన మూడు చూపించాడు. మొదటిది నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. కళ్ళకి హాయని చెప్పాడు గాని ఆవిడకి నూతిలోకి తొంగిచూసినట్టుంది. రెండోదాంట్లో రాస్తున్న వాక్యం ఒక్కటే కనిపిస్తుంది, వెనకవన్నీ మసకబారిపోతాయి.

"వెనక ఏముందో కనపడకపోతే ఎలాగండీ?"

"కనపడకూడదనే తీసుకుంటారమ్మా చాలామంది."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. మూడోది తెరిస్తే తెల్లటి తెర, పైన ఒక మూల ఆరుతూ వెలుగుతూ చిన్న గీత. ఇంకేమీ లేదు.

"లావు చెయ్యాలంటే?"

"కుదరదు."

"అక్షరాల కింద గీత గీసుకోవాలంటే?"

"కుదరదు."

"రంగు?"

"ఊహూ. అక్షరం రాయొచ్చు, కొట్టెయ్యొచ్చు. అంతే."

"ఇదే ఇవ్వండి," అంది ఆవిడ. పట్టుకోడానికి ఏమీ లేని ఆ తెల్లదనం ఆవిడకి నచ్చింది. మూడు నెలలుగా ఆవిడ మనసు కూడా అలాగే ఉంది.

"అతికించే ముందు కింద పాత పేపర్లు పరవండి," అని ఆయన వెనకనుంచి కేకేశాడు.

ఆదివారం పొద్దున్నే అక్క వాటాకి వెళ్ళి, కిటికీ తెరిచి, బల్ల కింద పేపర్లు పరిచి కూర్చుంది. అక్క పుస్తకం ఆవిడ అప్పటిదాకా ఒక్క ముక్క చదవలేదు. "నేను తయారన్నాకే చదవాలి. మధ్యలో స్కేలు పట్టుకుని వచ్చావో, వీపు విమానం మోత మోగుతుంది," అని అక్క ముందే బెదిరించింది. తయారని చెప్పకుండానే పోయింది. వాక్యాలకి తను పూసే రంగుల గుట్టు మాత్రం ఒకసారి మాటల్లో చెప్పింది. పసుపు పూస్తే మళ్ళీ చూసుకోవాలని. నీలం పూస్తే బాగుంది, ముట్టుకోవద్దని. ఎరుపు పూస్తే తీసెయ్యాలని.

ఆ మాట చెల్లెలికి సమయానికి గుర్తు రాలేదు. కళ్ళు సగం మూసుకుని, చదవకుండా, రెండొందల పది పేజీలూ ఒక్కసారే ఎత్తి ఎడిటర్లో అతికించింది. రంగులు జలజలా రాలాయి. కిటికీలోంచి గాలి కొట్టి కొంత నీలం కిందికి పోయింది.

"ఏమ్మా! మీ నీలం మా ఆరేసిన బట్టల మీద పడుతోంది," అని కింది వాటా ఆవిడ అరిచింది.

"కిటికీ వేసేస్తున్నా పిన్నిగారూ!"

రాలినదంతా జాగ్రత్తగా పోగుచేసి, పేపర్లో పొట్లం కట్టి దారం చుట్టింది. పారబోయడానికి మనసొప్పలేదు. అక్క చేత్తో పూసిన రంగు కదా. తర్వాత తెరమీద కొత్త ప్రతి శుభ్రంగా కనపడేసరికి, ఇరవై ఆరేళ్ళ అలవాటున చెయ్యి ముందుకెళ్ళి పాత ఫైలు తీసేసింది, కంప్యూటర్ చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. చేసినట్టు కూడా ఆవిడకి తెలియలేదు.

అప్పుడు తెరకి స్కేలు ఆనించి చదవడం మొదలుపెట్టింది. సాయంత్రానికి నూటపన్నెండో పేజీకి వచ్చింది. అది అమ్మ పోయిన రోజు.

*మధ్యాహ్నం నుంచి అమ్మ చూపు గుమ్మం వైపే ఉంది. చెల్లి రాలేదు. ఈ ఒక్క పనికి దాన్ని నేను ఎప్పటికీ క్షమించను. దాన్ని నేను ఎప్పుడో క్షమించేశాను. తలుపుకి గడియ పెట్టలేదు. నాలుగింటికి అమ్మ కళ్ళు మూసింది.*

స్కేలు ఆ వరస మీదే ఆగిపోయింది.

తొమ్మిదేళ్ళ కిందటి మాట. అమ్మని ఆసుపత్రిలో ఉంచాలని చెల్లెలు, ఇంట్లోనే చూసుకుంటానని అక్క, మాటామాటా పెరిగి, "ఇక నా గడప తొక్కకు," అని అక్క నోరు జారింది. తొక్కనని చెల్లెలు కూడా పంతం పట్టింది. పది రోజులకి అమ్మకి బాగాలేదని కబురొచ్చింది. ఆ తర్వాత ఏం జరిగిందో ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అమ్మ పోయాక అక్కాచెల్లెళ్ళు మళ్ళీ మాట్లాడుకున్నారు, కలిసి తిన్నారు, జబ్బులో అక్కకి చెల్లెలే తల దువ్వింది. ఆ ఒక్క రోజు గురించి మాత్రం ఇద్దరిలో ఎవరూ నోరు విప్పలేదు. అక్క అడుగుతుందేమోనని చెల్లెలు భయపడింది. చెల్లెలే చెప్తుందని అక్క చూసిందో ఏమో.

ఇప్పుడు రెండు వాక్యాలు పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఉండవు కదా. ఒకటి ఉంచుకుని రెండోదానికి ఎరుపు పూసి ఉంటుంది. ఏదో? పాత ఫైలు కోసం వెతికింది. లేదు. కంప్యూటర్ని చంకనెట్టుకుని రిపేరాయన కొట్టుకి పరుగెత్తింది.

"చెత్తబుట్ట కూడా మీరే ఖాళీ చేశారు. ఇంక నేను చేసేదేం లేదమ్మా," అన్నాడాయన. ఆవిడ మొహం చూసి మళ్ళీ, "రాలిన రంగు ఉందా, పారబోశారా?" అని అడిగాడు.

"పొట్లం కట్టాను."

"బతికించారు. పేజీలు కాగితం మీద అచ్చు తీసి పైన చల్లండి. ఏ రంగు చోటికి ఆ రంగు దానంతటదే పోతుంది. ఆ పేజీది కాకపోతే అంటుకోదు, దులిపి మళ్ళీ పొట్లంలో పోసుకోండి."

ఆ వారమంతా ప్రెస్సు నుంచి నేరుగా అక్క వాటాకే వెళ్ళింది. మొదటి పేజీ నుంచి వరసగా చల్లుకుంటూ వచ్చింది. రంగులు పాకుతూ వెళ్ళి తమ వాక్యాల మీద కూర్చున్నాయి. ఎరుపు కూర్చున్న వాక్యాలని ఎడిటర్లో కొట్టేసింది. మంచి మంచి వాక్యాలు పోయాయి, అక్క మాట జవదాటలేదు. నూటపదకొండు అయ్యాక నూటపదమూడు తీసింది. ఆ మధ్య పేజీని తిరగేసి బల్ల సొరుగులో పెట్టింది.

అన్నీ అయ్యేసరికి పొట్లంలో చిటికెడు మిగిలింది. అంతా ఎరుపే.

అక్కడ ఆవిడ ఆగిపోయింది. నాలుగు రోజులు ఆ పొట్లాన్ని ముట్టుకోలేదు. ప్రచురణకర్త మళ్ళీ ఫోన్ చేశాడు.

"ఒక్క వాక్యం తేలాలండీ," అంది.

"ఒక్క వాక్యానికా ఇన్నాళ్ళు? మీకు నచ్చింది ఉంచి రెండోది తీసెయ్యండి. చదివేవాళ్ళకేం తెలుస్తుందమ్మా?"

నిజమే, ఎవరికీ తెలియదు. ఎడిటర్ తెరిచి మొదటి వాక్యం కొట్టేసింది. క్షమించేశానన్నదే మిగిలింది. దాన్ని చాలాసేపు చూసింది. అక్క అన్న మాట కాదది, తను అక్క చేత బలవంతాన అనిపించిన మాట. ఏడుపొచ్చింది. కొట్టేసిన వాక్యాన్ని మళ్ళీ అక్షరం అక్షరం తన చేత్తోనే రాసి పెట్టింది. ఎప్పటికీ క్షమించను, అని తనకి తనే రాసుకోవాల్సి వచ్చింది.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం ఎండ బల్ల మీదకి వచ్చాక సొరుగులోంచి కాగితం తీసింది. పొట్లం విప్పి చల్లింది. కళ్ళజోడు సర్దుకుని కాగితం మీదకి వంగింది.

ఎరుపు కాసేపు ఎటూ కదల్లేదు. తర్వాత నెమ్మదిగా పాకి, ఎప్పటికీ క్షమించను అన్న వాక్యం మీదకి ఎక్కింది. మొదటి అక్షరం నుంచి చుక్క దాకా కప్పేసింది.

"అక్కా," అంది ఆవిడ. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. తొమ్మిదేళ్ళ బరువు దిగినట్టే అనిపించింది. కళ్ళజోడు పెట్టుకుని చూసేసరికి ఎరుపు ఇంకా కదులుతోంది. చుక్క దాటి పక్క వాక్యంలోకి వెళ్ళింది. క్షమించేశానన్న మాటని కూడా చివరిదాకా కప్పి, అక్కడ ఆగింది.

ఆవిడ కాగితం దులిపింది. ఒక్క రవ్వ కూడా రాలలేదు. అక్క రెండూ వద్దనుకుంది. కోపమూ ఉంచలేదు, క్షమా ఉంచలేదు. ఇంత రాసి, తన గురించి ఒక్క మాట మిగల్చలేదని ఆవిడకి నిలువునా నీరైనట్టయింది. అయినా చేసే పని చెయ్యాలి కదా. రెండు వాక్యాలూ కొట్టేసి, స్కేలు ఆనించి, మిగిలింది సరిగ్గా అతికిందో లేదోనని చదివింది.

*చెల్లి రాలేదు. తలుపుకి గడియ పెట్టలేదు.*

మళ్ళీ చదివింది. గడియ గురించిన ఈ వాక్యం ఆవిడ ఇదివరకు కనీసం ఇరవైసార్లు చదివి ఉంటుంది. అక్షరాలు సరిగ్గా ఉన్నాయి, చుక్క సరిగ్గా ఉంది, దాటి వెళ్ళిపోయింది. ఎవరి కోసం పెట్టలేదో ఆలోచించలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. ఎవరికీ చెప్పని సంగతి అదే. పంతం దిగమింగి, ప్రెస్సులో స్కేలు అలాగే వదిలేసి, మూడు అంతస్తులూ ఆయాసపడుతూ ఎక్కి, ఈ తలుపు ముందే నిలబడింది. తలుపు మూసి ఉంది. గడప తొక్కకు అన్న మాట చెవుల్లో మోగింది. తట్టడానికి చెయ్యెత్తి, దించేసి, చప్పుడు కాకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. అప్పటికి మూడున్నర. లోపల అమ్మ గుమ్మం వైపే చూస్తోంది. గడియ లేదు.

ఆవిడ లేచి వాటా బయటికొచ్చి తలుపు దగ్గరికి లాగింది. మెట్ల దగ్గర, ఆనాడు నిలబడ్డ చోటే నిలబడింది. ఒక్క వేలితో నెట్టింది. చిన్న చప్పుడైనా లేకుండా తలుపు తెరుచుకుంది. ఎదురుగా అమ్మ మంచం ఉండే చోట ఎండ పడుతోంది. ఆవిడ గుమ్మంలోనే కూలబడి, కింది వాటాకి వినపడేలా ఏడ్చింది. కింది వాటా ఆవిడ పైకొచ్చి, ఏమీ అడక్కుండా, మంచినీళ్ళు ఇచ్చి పక్కన కూర్చుంది.

సాయంత్రానికి పుస్తకం ప్రచురణకర్తకి వెళ్ళిపోయింది. అచ్చు తీసిన నూటపన్నెండో పేజీ బల్ల మీదే ఉంది. పాతది కదా అని చెయ్యి దాని మీదకి వెళ్ళింది గాని, ఈసారి చింపలేదు. మడిచి సొరుగులో పెట్టింది.

తర్వాత ఎడిటర్లో కొత్త ఫైలు తెరిచింది. తెల్లటి తెర, మూలన ఆరుతూ వెలుగుతూ గీత. ఇరవై ఆరేళ్ళలో ఒక్క వాక్యమైనా సొంతంగా రాయని మనిషి. కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది. ఆ తర్వాత ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టింది.

*అక్కా, ఆ రోజు నేను వచ్చాను.*

స్కేలు పక్కనే ఉంది. తీసుకోలేదు. దాని కింద ఇంకో వాక్యం మొదలుపెట్టింది.