రెండుసార్లు ఆరిన లైటు

ఊపిరితిత్తులు పాడై అక్క మంచం దిగలేకపోతోంది. ఆమెకు ఆక్సిజన్ అందించే మిషను నడుస్తోందో లేదో, తను పనిచేసే మందుల షాపు నుంచి కూడా తెలుసుకోవాలని చెల్లెలి తాపత్రయం. అందుకే మిషను ప్లగ్గు, లైట్లు, ఫ్యాను, అక్క గదిలో కెమెరా, ఆఖరికి ఇంటికి ఇంటర్నెట్టు తెచ్చే రూటరు ప్లగ్గు, అన్నిటినీ అలమరలోని చిన్న కంప్యూటరుకి కలిపింది. ఆదివారం నాడు దాన్ని బయటినుంచి ఫోన్లో నడిపేలా ఇంటర్నెట్టుకి దారి తెరిచింది. పాస్‌వర్డు మాత్రం కంపెనీవాళ్లు అన్నిటికీ పెట్టేదే ఉంచేసింది. "రేపు మారుస్తాలే" అంది. మన ఇంజినీరమ్మకి పని నడిస్తే చాలు, పూర్తయిపోయినట్టే.

గురువారం మధ్యాహ్నం షాపులో జనం పల్చబడ్డాక మొదటిసారి తీరిగ్గా ఫోన్లో ఇంటి స్విచ్చుల జాబితా తెరిచింది. అక్క గదిలో లైటు ఆరింది, వెలిగింది. తను ముట్టుకోలేదు. వంటింటి లైటు ఆరింది. తర్వాత ఫ్యాను ఆగింది. ఎవరో జాబితా పైనుంచి ఒక్కొక్కటే నొక్కి చూస్తున్నారు. తర్వాతిది మిషను. అన్నిటికన్నా కింద రూటరు.

రూటరు ఆపితే వాడి దారి మూసుకుపోతుంది, తన దారీ మూసుకుపోతుంది. ఆపేసింది. ఫోన్లో అన్నీ మాయమయ్యాయి. వాడు మిషను నొక్కాక తను ఆపిందా, ముందే ఆపిందా? అక్కకి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. కౌంటరు తెరిచినది తెరిచినట్టే వదిలి, చెప్పులైనా వేసుకోకుండా ఇంటిదాకా రెండు వీధులూ పరుగెత్తింది.

మిషను నడుస్తోంది. అక్క బతికే ఉంది. చెల్లెలు మంచం పక్కన కూలబడి భోరుమంది.

"ఏంటే, ఏమైంది? ఫోను చార్జింగులో ఉంది, చెయ్యి అందలేదు. ఇవాళ ఒక్కసారే పలకరించావేం?"

"పలకరించడమేంటక్కా?"

"రోజూ ఈ వేళకి లైటు రెండుసార్లు ఆర్పి వెలిగిస్తావుగా! నేనూ కెమెరాకి చెయ్యి ఊపుతున్నా. మాటలు కూడా చెప్తున్నా. ఈ నాలుగు రోజులూ ఒంటరిగా ఉన్నట్టే లేదే."

చెల్లెలు లేచి కెమెరాని గోడవైపు తిప్పేసింది.

"అదేంటే! మరి నన్నెలా చూస్తావు?" అంది అక్క.