ముందు రెండు మెత్తవి, వెనక రెండు గట్టివి

మా కారు టైర్లు నాలుగూ నున్నగా గుండు కొట్టించుకున్నట్టు అయిపోయాయి. వాటి మీద ఒకప్పుడు గాడులు ఉండేవని చెబితే నమ్మేవాళ్ళు లేరు. నాకైతే ఆ గుండు చూసినప్పుడల్లా సొంత తల గుర్తొచ్చి జాలేసేది. అందుకే ఏడాదిగా వాయిదా వేస్తూ వచ్చాను.

ఇక వాయిదా కుదరదు. అమ్మాయికి కొండ అవతల ఊళ్ళో ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఆదివారం పొద్దున్నే కారు తనే నడుపుకుంటూ వెళ్తుంది, తోడుగా వాళ్ళ తాతయ్య, అంటే మా మామగారు. మధ్యలో ఘాట్ రోడ్డు. ఇరవై రెండు మలుపులు. ఒక పక్క బండరాయి, ఇంకో పక్క ఏమీ ఉండదు. వానలు మొదలై వారమైంది.

శనివారం మధ్యాహ్నం నేనూ, మా ఆవిడా, మామగారూ టైర్ల కొట్టుకి వెళ్ళాం. మామగారు ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి, కోడిపిల్లక్కూడా దెబ్బ తగలకుండా రిటైరయ్యారు. ఆయన రిటైరయ్యారు గాని, టైర్ల మీద ఆయన పెత్తనం మాత్రం కొత్త టైరులాగే ఉంది.

కొట్టతను సన్నగా, నల్లగా, మసి పట్టిన వేళ్ళతో ఉన్నాడు. రెండు రకాలు దొర్లించుకొచ్చి మా ముందు నిలబెట్టాడు.

"రెండూ అన్ని కాలాలకీ పనికొచ్చేవే సార్. ఇది మెత్త రబ్బరు, గాడులు లోతు. వానలో రోడ్డుని వదలదు, కాకపోతే తొందరగా అరుగుతుంది. ఇది గట్టిది. ఏళ్ళ తరబడి నడుస్తుంది, తడి రోడ్డు మీద మాత్రం పట్టు తక్కువ."

"మెత్తవే వెయ్యండి," అంది మా ఆవిడ. "నడిపేది పిల్ల."

"గట్టివే వెయ్యి," అన్నారు మామగారు. "మూడేళ్ళకోసారి టైర్లు మార్చుకుంటూ కూర్చుంటామా?"

"పట్టు టైరు కావాలని నీ కూతురు పట్టు పట్టింది నాన్నా, నువ్వు పట్టు విడువు," అంది ఆవిడ. ఆవిడకి ఈ శ్లేషల జబ్బు నా నుంచే అంటుకుంది.

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఎవరు నా వైపు తిరిగినా నాకు నోట్లోంచి నిర్ణయం రాదు, జోకు వస్తుంది.

"మెత్తవాళ్ళిద్దరు, గట్టివాళ్ళిద్దరు. మా ఇంటి లెక్కే కారుకీ వేద్దాం. చెరో రెండు."

ఇద్దరూ నవ్వారు. గొడవ తీరింది. కొట్టతను మాత్రం నవ్వలేదు.

"నాలుగూ ఒకటే ఉండాలి సార్. కాదూ కూడదంటే మెత్తవి వెనక్కి వేస్తాను."

"ముందుకి," అన్నారు మామగారు. "మంచి టైరు ఎప్పుడూ ముందే. డిపోలో మా రూలు అదే. స్టీరింగు ఉండేది ముందు కదయ్యా."

"అది బస్సు పెద్దాయనా. దానికి వెనక నాలుగు చక్రాలు, వాటి మీద యాభై మంది బరువు. దీని వెనక ఏముంది, ఒక సంచీ. ముందువి రోడ్డుని పట్టుకుని వెనకవి వదిలేస్తే బండి గిర్రున తిరుగుతుంది."

"నువ్వు పుట్టకముందు నుంచీ స్టీరింగు పట్టుకున్నవాణ్ణి."

కొట్టతను నా వైపు చూశాడు. కారు నాది, కూతురు నాది. ఒక్క మాట అంటే చాలు. మామగారి ముఖం చూశాను. పాతికేళ్ళుగా ఆ ముఖానికి ఎదురు చెప్పలేదు.

"ఆయన ముందు నేనెప్పుడూ వెనకే," అన్నాను. "ఆయన చెప్పినట్టే వెయ్యి."

అతను బల్ల కింద నుంచి ఒక నోటు పుస్తకం తీశాడు. "మా దగ్గర ఒక పద్ధతి సార్. నేను వద్దన్నది వేయించుకుంటే ఇక్కడ సంతకం పెట్టాలి."

పేజీ నిండా సంతకాలు. కొన్నింటి పక్కన ఎర్ర సిరాతో చుక్క.

"ఈ బొట్లేమిటి?"

"మళ్ళీ రాని వాళ్ళు." పుస్తకం నా వైపు తిప్పి, "ఊరు మారిపోయి ఉంటారులెండి," అన్నాడు.

సంతకం పెట్టాను. ఆ రోజు నా సంతకం నాదిలా లేదు.

ఇంటికి వస్తూ నేనే నడిపాను. సందు మలుపులో నీళ్ళ లారీ ఒకటి కారుకుంటూ పోయినట్టుంది, రోడ్డంతా తడి. స్టీరింగు తిప్పాను. ముందు భాగం బుద్ధిగా తిరిగింది. వెనక భాగం తిరగలేదు. అది తన దారిన తాను పక్కకి జారి, గోడకి జానెడు దూరంలో ఆగింది. అప్పుడు నా వేగం సైకిలు వేగం.

"నీ డ్రైవింగు ఇంతే అల్లుడూ," అన్నారు మామగారు కళ్ళు తెరవకుండానే.

గాడి తప్పింది నా డ్రైవింగు కాదని నాకు తెలుసు. రాత్రి భోజనాల దగ్గర చెబుదామనే నోరు తెరిచాను. అందరూ నా వైపు చూశారు. "మన కారుకి కొత్త టైర్లొచ్చాక నడుము తిప్పుతోంది," అన్నాను. అమ్మాయికి పొలమారేంత నవ్వొచ్చింది. మామగారు కూడా నవ్వారు. ఆ నవ్వుల్లో నా భయం కొట్టుకుపోయింది. లేదు, కొట్టుకుపోయిందని అనుకున్నాను.

ఆదివారం వాళ్ళు బయల్దేరినప్పుడు రోడ్డు పొడిగా ఉంది. గంటన్నర తర్వాత కిటికీ దగ్గర నించున్న మా ఆవిడ, "కొండ కనిపించడం లేదేంటి?" అంది.

చూశాను. కొండ ఉండాల్సిన చోట బూడిదరంగు గోడ ఉంది.

ఫోను చేశాను.

"చెప్పు నాన్నా, స్పీకర్లో ఉన్నావు."

"ఎక్కడున్నారు?"

"తొమ్మిదో మలుపు. వాన గట్టిగా ఉంది."

"వెడల్పుగా ఉన్నచోట మెల్లగా పక్కకి తీసి ఆపమ్మా. బ్రేకు ఒక్కసారిగా తొక్కకు. వెనక టైర్లు జారతాయి. నిన్న నాకు జారింది. చెప్పలేదు."

ఇద్దరూ నవ్వారు.

"కానివ్వు అల్లుడూ," అన్నారు మామగారు. "ఇది ఎటు తిప్పుతావో చూద్దాం."

"ఎటూ తిప్పను. నిజం చెబుతున్నాను."

"సరే, నిజం. తర్వాత?" అంది అమ్మాయి. ఆమె గొంతులో నవ్వు ఇంకా సిద్ధంగా ఉంది. ఇరవై మూడేళ్ళుగా నేను పెంచిన నవ్వు అది.

"తర్వాత ఏం లేదు తల్లీ."

వైపర్ల చప్పుడు వినిపించింది. నేను మాట్లాడలేదు. ఏం మాట్లాడినా జోకే అవుతుంది. నా ఇంట్లో నేను మాట్లాడకుండా ఉండటం ఎవరూ ఎరగరు. ఆ నిశ్శబ్దమే వాళ్ళకి అర్థమైనట్టుంది.

"తాతయ్యా," అంది అమ్మాయి నెమ్మదిగా, "ఇందాక ఏడో మలుపులో వెనక నుంచి ఎవరో నెట్టినట్టయింది. గాలేమో అనుకున్నా."

"ఆపు," అన్నారు మామగారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "కాలు తియ్యి. బ్రేకు వద్దు. గేరు తగ్గించు. ఇంకా తగ్గించు. బండరాయి వైపుకే ఉంచు."

రాళ్ళ మీద చక్రాలు నలిగిన చప్పుడు. హ్యాండ్‌బ్రేకు లాగిన చప్పుడు. మా ఆవిడ కిటికీ వదిలి నా పక్కకొచ్చింది.

"సగం బండి రోడ్డు మీదే ఉంది నాన్నా. ఇంకా పక్కకి చోటు లేదు."

"పైకి పోతే పదమూడు మలుపులు, కిందికి దిగితే తొమ్మిది," అన్నారు మామగారు. "ఇలా ఏ వైపుకీ పోలేం. ముందువి వెనక్కి వేస్తాను. స్టెప్నీ ఉందిగా, ఒక్కో వైపూ మార్చుకుంటూ వస్తే అరగంట. నువ్వు ఆ మలుపు దగ్గరికి పోయి, వచ్చేవాళ్ళకి నీ ఎర్ర చున్నీ ఊపు. రోడ్డు మీదికి దిగకు." తలుపు తీశారు. వాన హోరు ఫోనంతా నిండింది. "అల్లుడూ, ఆ కొట్టతను చెప్పినప్పుడే నువ్వు నా నోరు మూయించాల్సింది."

"మూయించాల్సింది మామగారూ."

"ఫోను పెట్టెయ్యకు."

జాకీ తిరిగిన కిర్రు వినిపించింది. తర్వాత స్పానర్ పట్టు తప్పి రాతి మీద పడింది. ఆయనకి డెబ్బై నాలుగు. మళ్ళీ తీసుకున్నట్టున్నారు, ఒక నట్టు ఊడి రేకు మీద టంగుమంది. దూరంగా, పై నుంచి, లోడు లారీ హారను. కొండ దిగుతోంది.

"అమ్మాయీ, ఊపు," అని అరిచారు మామగారు.

మా ఆవిడ నా చేతిలో ఫోనుకి చెవి ఆనించింది. "ఏమంటున్నారు? ఏం జరుగుతోంది?"

వేలు పెదవి మీద పెట్టాను. హారను మళ్ళీ మోగింది, ఈసారి దగ్గరగా. దాని కింద, సన్నగా, రెండో నట్టు ఊడుతున్న చప్పుడు.