ఆకుపచ్చ చీటీలో పై అంకె

అన్యాయం జరిగింది ఎవరికి? నా చెల్లెలికి. ఎలా జరిగింది? ఒక ప్రశ్నకు ఆమె మర్యాదగా సమాధానం చెప్పినందువల్ల.

"జీతం ఎంత ఆశిస్తున్నావమ్మా?" అని అడిగాడు మందుల కంపెనీలో నియామకాల అధికారి. ప్రయోగశాలలో తొలి ఉద్యోగం కోసం వచ్చిన నా చెల్లెలు చేతులు కట్టుకుని, "మీరెంత ఇప్పిస్తే అంతేనండి" అంది. అదే గదిలో టైపు మిషను ముందు నేను కూర్చుని ఉన్నాను. ప్రతి ఖాళీకీ ఫైలు లోపల ఒక ఆకుపచ్చ చీటీ గుచ్చేవాళ్లం. అందులో ఆ ఉద్యోగానికి ఇవ్వగల కనీస జీతం, గరిష్ఠ జీతం అని రెండు అంకెలుండేవి. అభ్యర్థి తన నోటితో ఎంతో చెప్పకపోతే కింది అంకె వేయాలన్నది మా పద్ధతి. తొమ్మిది వందలని నేనే టైపు చేశాను.

ముందు రోజు రాత్రి ఇంట్లో ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఆఫీసు గుట్టు గడప దాటకూడదనుకున్నాను. కాన్వెంటులో మంచి నడవడికకు వరుసగా మూడేళ్లు బహుమతి నాదే మరి.

ఆ తొమ్మిది వందల మీదే శాతాల లెక్కన ముప్ఫై ఒక్క ఏళ్లు ఇంక్రిమెంట్లు పడ్డాయి. చివరికి పింఛను కూడా. "నా తెలివి విలువ అంతేనేమో అక్కా" అనేది చెల్లెలు. నేను ఊఁ కొట్టేదాన్ని.

మొన్న ఆమె మనవరాలికి రిక్రూటర్ ఫోను చేసింది. పిల్ల భోజనాల బల్ల మీద స్పీకరు పెట్టింది.

"జీతం విషయంలో మీ ఎక్స్‌పెక్టేషన్ ఎంతండీ?"

పిల్ల మ్యూట్ నొక్కి మా వైపు చూసింది.

"మీ ఇష్టమండీ అను," అంది చెల్లెలు బఠానీలు ఒలుస్తూ. "ముందు ఉద్యోగం రానీ. ఆదిలోనే బేరాలాడితే తలబిరుసనుకుంటారు."

"అలా అనకు," అన్నాను నేను. "ఈ పోస్టుకు ఎంత నుంచి ఎంత వరకు ఇస్తారో అడుగు. పై అంకె కోరు."

"అలా రెండు అంకెలుంటాయని నీకెలా తెలుసక్కా? ఉత్త టైపు కొట్టిన చెయ్యేగా నీది!"

"ఆ చెయ్యే కొట్టింది. నీ ఫైల్లోనూ రెండు అంకెల చీటీ ఉంది."

చెల్లెలి వేళ్లు ఆగిపోయాయి.

పిల్ల మ్యూట్ తీసి నేను చెప్పినట్టే అడిగింది. అవతలి నుంచి రెండు అంకెలు వినిపించాయి; రెండోది మొదటిదానికి ఒకటిన్నర రెట్లు. పిల్ల రెండోదే కోరింది.

"సరేనండీ, అదే వేసి పంపిస్తాను," అంది రిక్రూటర్. అంత సులువు.

ఫోను పెట్టేశాక చెల్లెలు గిన్నెలోకే చూస్తూ అడిగింది.

"నాదెంత?"

"ఇప్పుడెందుకే..."

"నలభై రెండేళ్లు దాచావు. నాదెంత, అక్కా?"

"పద్నాలుగు వందలు."

ఆ అంకెను పెదవుల మీద ఒకసారి పలికి చూసుకుంది. బఠానీల గిన్నె తన వైపు లాక్కుంది.

"నీ నుంచి నాకు రావాల్సింది పూర్తిగా ముట్టింది," అంది. మరి నా వైపు చూడలేదు.