చక్రాలు లేని విమానం

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి, అందరూ ఇడ్లీలు తింటూ ఉండగా, కూర్మారావు బొమ్మ యుద్ధవిమానాల్లో ఒకటి తన సన్నటి కాడ మీంచి లేచి హాల్లో చక్కర్లు కొడుతుంది. బొటనవేలి గోరంత విమానం. ఆయన భార్య సుభద్ర ఫ్యాను ఆపేస్తుంది.

కూర్మారావు విశాఖలో ముప్ఫయ్యేళ్ళు ఓడలకి రంగులేసి రిటైరైన మనిషి. అంతంత ఓడలతో పనిచేసినవాడికి ఇంతింత విమానాల మీద మోజేమిటంటే ఏం చెబుతాం! మూడొందల పన్నెండు పోగేశాడు. బీరువాలో చీరల అర కూడా వాటిదే. ప్రతి ఆదివారం మిత్రుడు ఢిల్లేశ్వరరావు తన బొమ్మ విమానాల దళంతో వస్తాడు. భోజనాల బల్ల మీద నీలం దుప్పటి పరిచి, పాచికలు వేసి, స్కేలుతో కొలుచుకుంటూ ఇద్దరూ ఆకాశయుద్ధం ఆడతారు.

వాటికి కూర్మారావు రంగులేసే పనితనం కళ్ళారా చూడాలిగానీ చెబితే తెలిసేది కాదు. లోపల కూర్చున్న పైలట్‌ని కూడా కనుబొమలతో సహా వేస్తాడు. ఇవాళ ఎగిరినదాన్లో పైలట్‌ని నిన్ననే వేశాడు. ఇరవై రెండేళ్ళ పిల్ల.

"పెయింటరు గారూ, దిగాలండి. పదకొండు నిమిషాలకే ఇంధనం ఉంది. చక్రాలేవండి?" అంటుంది ఆ పిల్ల.

కూర్మారావు ఇడ్లీ వదిలేసి లేచి నిలబడతాడు. బల్ల మీద ఆడే విమానాలు ఎప్పుడూ కాడ మీద, గాల్లోనే ఉంటాయి. అందుకే కొనగానే ఆకురాయితో చక్రాలు గీకేస్తాడు. మూడొందల పన్నెండింటికీ అదే చేశాడు. కనుబొమలు దిద్దినవాడికి, ఆ పిల్ల ఎప్పటికైనా దిగాలన్న సంగతి తోచలేదు.

ఢిల్లేశ్వరరావు నిబంధనల పుస్తకం తిరగేస్తాడు. కూలడానికి నాలుగు పేజీలున్నాయి, దిగడానికి ఒక్క ముక్క లేదు. కాబట్టి దిగడం కుదరదని ఆయన తేలుస్తాడు.

పిల్ల మాత్రం ఏం పిల్లండీ! గడియారానికీ క్యాలెండరుకీ మధ్య రెక్క వంచి దూరి, గోడకి తగలకుండా తిరిగొస్తుంది. ఇన్నేళ్ళూ వీటిని సీసం ముక్కలని తిట్టిన సుభద్ర నోట్లో ఇడ్లీ నమలడం మర్చిపోయి చూస్తుంది.

విమానం పొట్ట మీదే దిగుతానంటుంది పిల్ల. నేల మెత్తగా ఉండాలిట, పొడుగ్గా ఉండాలిట. దుప్పటి నిండా ముడతలే. కూర్మారావు చొక్కా చేతిని పైకి మడిచి కుడిచెయ్యి బల్ల మీద చాపుతాడు.

"ఆ సెయ్యేటి గురూ? రేపట్నించి బొమ్మలెలాగేస్తావు?" అంటాడు ఢిల్లేశ్వరరావు.

"సెక్రాలు గీకేసింది ఈ సెయ్యే గదా."

పొడుగు చాలదంటుంది పిల్ల. చాలేదాకా చాపుతానంటాడు కూర్మారావు. చెయ్యి సాగుతుంది. బల్ల దాటి, బాల్కనీ దాటి, చేపల రేవు మీదుగా సముద్రం మీదికి పోతుంది. విమానం మోచేతి దగ్గర వాలి, పొట్టతో జారుకుంటూ బాల్కనీ దాటి కనుమరుగవుతుంది. చక్కిలిగింతలు పెడుతున్నా ఆయన కదలడు. మనిషంటే అలా ఉండాలి. సుభద్ర ఆయన భుజాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడుతుంది.

చాలాసేపటికి మణికట్టు దగ్గర్నించి కబురొస్తుంది, దెబ్బలేమీ తగల్లేదని. చెయ్యి మాత్రం వెనక్కి రాదు. కూర్మారావు దాన్ని పిలవనూ పిలవడు.

అప్పుడు బల్ల మీదా బీరువాలోనూ ఉన్న మిగతా మూడొందల పదకొండూ ఒక్కసారి గాల్లోకి లేస్తాయి. ఒక్క చెయ్యి అన్నింటికీ చాలదు.

సుభద్ర ఇడ్లీ పళ్ళెం జరిపి, గాజులు తీసి పక్కన పెట్టి, ఎదురుకుర్చీలో కూర్చుంటుంది.

"జాగర్తగా దిగండమ్మా," అంటూ తన చెయ్యి చాపుతుంది.

ఆ చెయ్యీ బాల్కనీ దాటుతుంది. విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగుతుంటాయి. హాల్లో ఆలుమగలిద్దరూ బల్లకి చెరోవైపు కదలకుండా కూర్చుంటారు. సముద్రం చివర, బియ్యపుగింజంత కనిపించే రెండు చేతులు తడుముకుంటూ వెళ్ళి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.